ఇంట్లో పాకే పాప, నేల మీద తివాచీ: దేన్ని ఉంచాలి, దేన్ని తీసేయాలి?

ప్రశ్న: మేము మణికొండలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాము. హాల్లో మా అత్తమ్మ వాళ్లింటి నుంచి వచ్చిన ఏలూరు ఉన్ని తివాచీ పరిచి ఉంది. పిల్లలు పడుకునే గదిలో, ఫ్లాటు అమ్మినవారు గోడ నుంచి గోడ దాకా అంటించిన కార్పెట్ ఉంది. పది నెలల పాప రోజంతా వీటి మీదే పాకుతుంది. ఏడేళ్ల బాబుకు వానలు మొదలైనప్పటి నుంచి పొద్దున లేవగానే వరుసగా తుమ్ములు, ముక్కు కారడం, కొన్ని రాత్రులు పిల్లికూతలు. మా మామయ్యకు మధుమేహం, పాదం మీద చిన్న పుండు ఉంది. మరుగుదొడ్డి సీటు కంటే కార్పెట్‌లో వేల రెట్లు ఎక్కువ బ్యాక్టీరియా ఉంటుందని బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. ఆ తరువాత యంత్రాలు అమ్మే మనిషి ఒకరు ఇంటికి వచ్చి, తివాచీ నుంచి గుప్పెడు నల్లటి మట్టి తీసి చూపించి, క్రిములన్నిటినీ చంపే మందు కొట్టించుకోమన్నారు. డెటాల్ నీళ్లు చల్లితే చాలదా అని నా సందేహం. కలరా ఉండలు వేసి, సాయంత్రం సాంబ్రాణి పొగ పెడితే చాలని అత్తమ్మ అంటున్నారు. రెండింటినీ పారేయమంటారా? — ఒక సోదరి, మణికొండ

సమాధానం: రెండింటినీ పారేయనక్కర లేదమ్మా. హాల్లోని ఏలూరు తివాచీని ఉంచుకోండి. పిల్లల గదిలో అంటించిన కార్పెట్‌ను మాత్రం వీలైనంత త్వరగా తీయించండి. మందు కొట్టించుకోవద్దు, డెటాల్ చల్లవద్దు. తివాచీ కింద ఇప్పటికే కలరా ఉండలు వేసి ఉంటే, ఈ జవాబు చివరిదాకా చదివే లోపే లేచి వెళ్లి వాటిని ఏరి, మూట కట్టి, ఇంటి బయట పడేయండి. దానికి కారణం కింద వివరంగా చెబుతాను, కానీ పాకే పాప ఉన్న ఇంట్లో ఆ పని ఒక పూట కూడా ఆగకూడదు.

ముందుగా వాట్సాప్ సందేశం సంగతి. అందులోని అంకె ఎంత అన్నదాని కంటే, అలాంటి పోలిక వల్ల మనకు తెలిసేదేమిటన్నది ఆలోచించాలి. మరుగుదొడ్డి సీటు నున్నగా ఉంటుంది, త్వరగా ఆరిపోతుంది, దాన్ని తరచుగా కడుగుతాము; అందువల్ల దానితో పోల్చి చూస్తే వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజి, కూరగాయలు తరిగే చెక్క, చేతిలోని ఫోను కూడా మురికివిగానే తేలుతాయి. తివాచీ పోగుల మధ్య దొరికే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం మన చర్మపు పొట్టుతో పాటు రాలినవీ, గాలిలో కొట్టుకొచ్చిన మట్టిలో సహజంగా ఉండేవీ. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వాటి వల్ల జబ్బు రావడం అరుదు. ఎన్ని ఉన్నాయన్నది కాక, అవి ఏ రకానివి, ప్రాణంతో ఉన్నాయా, మన ఒంట్లోకి ఏ దారిన పోగలవు అన్న మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2003లో ఆసుపత్రుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ మాటే చెబుతాయి: గచ్చు నేల కంటే కార్పెట్‌లో సూక్ష్మజీవులు ఎక్కువే ఉంటాయి గాని, వాటి మూలంగా రోగులలో ఇన్ఫెక్షన్లు పెరిగాయనడానికి గట్టి ఆధారం లేదు. అయితే రక్తం, మలమూత్రాలు వంటివి ఒలికే చోట్ల, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు ఉండే వార్డుల్లో కార్పెట్ వద్దని కూడా అవే మార్గదర్శకాలు చెప్పాయి. మన ఇళ్లకు ఈ రెండు మాటలూ వర్తిస్తాయి.

బ్యాక్టీరియా పెరగాలంటే నీళ్లు కావాలి. పొడిగా ఉన్న ఉన్ని పోగు మీద అవి సంతతిని పెంచుకోలేవు. చాలా రకాలు కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి. కొన్ని మొండివి ఉన్నాయి. చర్మం మీద సెగ్గడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ ఆరియస్ పొడి ఉపరితలాల మీద వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బతికి ఉండగలదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్, ఎవరైనా తివాచీ మీద వాంతి చేసుకుంటే, చూపుకి అంతా శుభ్రంగా కనబడిన తరువాత కూడా చాలా రోజులు అందులో ఉండిపోగలదు. కాబట్టి కార్పెట్ వల్ల అంటువ్యాధి రాదని నేను అనడం లేదు. అలా రావడానికి దాదాపు ఎప్పుడూ ఒలికిపోయినదీ, సరిగా తుడవనిదీ, ఆరనిదీ ఒకటి కారణంగా ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆలోచనలో పడేసినది బాబు పరిస్థితి. వానలతో మొదలైన పొద్దుటి తుమ్ములు, రాత్రి పిల్లికూతలు వింటే నాకు బ్యాక్టీరియా కంటే ముందు దుమ్ము పురుగులు, అంటే డాక్టర్లు డస్ట్ మైట్స్ అనేవి, గుర్తుకొస్తాయి. ఇవి సూక్ష్మక్రిములు కూడా కావు. సాలీడుకు దూరపు చుట్టాలు, మిల్లీమీటరులో మూడో వంతుకు మించవు, కంటికి ఆనవు, కుట్టవు, మన ఒంటి మీద బతకవు. మనుషుల శరీరం నుంచి రోజూ రాలే చర్మపు పొట్టును తిని, పరుపుల్లో, దిండ్లలో, సోఫాల్లో, తివాచీల్లో కాపురం పెడతాయి. ఇళ్లలోని దుమ్ము పడని ఆస్తమాకు ఈ పురుగులే ముఖ్యమైన మూలమని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరపు పరిశోధకులు తేల్చారు. మనకు పడనిది ప్రధానంగా ఆ పురుగు విసర్జనలోని ప్రోటీన్. ఆ రేణువులు కొంచెం బరువైనవి కాబట్టి కదపకుండా ఉంటే నేలలోనే ఉంటాయి; పిల్లలు గంతులు వేసినప్పుడు, చీపురుతో ఊడ్చినప్పుడు, దుప్పటి దులిపినప్పుడు లేచి, ముక్కుల్లోకి పోయి, కాసేపట్లో మళ్లీ కిందికి దిగుతాయి. నేలకు దగ్గరగా ముఖం పెట్టుకుని ఆడుకునే పిల్లలకే ఎక్కువ తగలడానికి అదే కారణం.

ఈ పురుగులు నీళ్లు తాగలేవు. గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటాయి. గాలిలో తేమ 50 శాతం కంటే తగ్గి, అలాగే కొన్ని వారాలు ఉంటే ఎండిపోయి చస్తాయి. 70, 80 శాతం ఉంటే వర్ధిల్లుతాయి. మన నగరంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా పొద్దుటి పూట తేమ 80 శాతం దాటడం మామూలే, ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అదే 30 శాతం దగ్గరకు పడిపోతుంది. సముద్రతీరంలో ఉన్న విశాఖ వాసులకు లేని సౌకర్యం ఇది: హైదరాబాద్ ఎండాకాలం ఈ పురుగులను తానే చాలా వరకు చంపి పెడుతుంది. కాని చచ్చిన పురుగుల శరీరాలూ, విసర్జనా నెలల తరబడి చెడకుండా తివాచీలోనే మిగిలి ఉంటాయి గనుక, ఎండతో పని సగమే అవుతుంది. దులిపి బయటికి పంపితేనే అలర్జీ తగ్గుతుంది.

ఇక్కడ ఒక విషయం నిష్కర్షగా చెప్పాలి. బాబు తివాచీ మీద గడిపేది ఒకటి రెండు గంటలు; దిండులో ముఖం పెట్టుకుని గడిపేది తొమ్మిది గంటలు. మైట్స్‌ను తగ్గించే పద్ధతులను విడివిడిగా పరీక్షించిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2008 నాటి సమీక్షలో, అలాంటి ఒక్కొక్క ప్రయత్నం వల్ల ఆస్తమాలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. అంటే కార్పెట్‌ను ఎంత శుభ్రం చేసినా, పాత దూది పరుపునూ దిండునూ అలాగే వదిలేస్తే మీ శ్రమ వృథా అవుతుంది. దిండుకూ పరుపుకూ మైట్స్ దూరలేని ఒత్తైన నేత తొడుగులు జిప్పుతో సహా దొరుకుతాయి, అవి వేయండి. దుప్పట్లు, గలేబులు వారానికి ఒకసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే పురుగులు చస్తాయి. వాషింగ్ మెషీన్‌లో హీటర్ ఉంటే ఆ అంకె దాని మీదే ఉంటుంది. ఉతకలేని బొచ్చు బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే అరలో రెండు రోజులు ఉంచి, తరువాత ఎండలో దులపవచ్చు. వీటన్నిటి కంటే ముందు బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. పిల్లికూతలు ఉన్నాయంటే ఆస్తమా ఉందో లేదో ఆయన తేల్చాలి. అవసరమైతే చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షతో బాబుకు పడనిది దుమ్ము పురుగా, బూజా, పుప్పొడా అన్నది తెలుస్తుంది. ఇన్‌హేలర్ రాస్తే భయపడి పక్కన పెట్టవద్దు. ఇల్లు శుభ్రంగా ఉంచడం దానికి తోడు అవుతుంది తప్ప దాని బదులు కాదు.

దుమ్ము పురుగు తరువాత మన వాతావరణంలో కార్పెట్‌కు అసలు ముప్పు బూజు. తివాచీ తడిసిన 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరకపోతే అందులో బూజు మొలకెత్తడం మొదలవుతుంది. అది పైకి కనబడాలనేమీ లేదు. తెరవని పాత పెట్టె వాసన లాంటి ముతక వాసన వస్తే అడుగున మొదలైందని అర్థం. మన ఇళ్లలో ఈ తడి ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి పరికించి చూడండి. బాల్కనీ తలుపు దగ్గర వాన జల్లు, ఏసీ నుంచి కారే నీరు, మొక్కల కుండీలు, బాత్‌రూమ్ గడప, ఇవి అందరికీ తెలిసినవే. తెలియనిది రోజూ పెట్టే తడిగుడ్డ. ఇల్లు తుడవడానికి వచ్చే ఆమె తివాచీని ఎత్తకుండా దాని అంచు దాకా మాప్ తోసుకుంటూ వస్తుంది. ఆ తడి అంచు కిందికి పాకి, గాలి తగలక, మర్నాటికీ ఆరదు, మర్నాడు మళ్లీ తుడుస్తారు. వానాకాలం పొడవునా ఆ అంచులు ఎప్పుడూ పూర్తిగా పొడిబారవు. తివాచీ నాలుగు వైపులా ఒక జానెడు మేర చుట్టి పెట్టి తుడిచి, నేల ఆరిన తరువాతే మళ్లీ పరచమని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ఖర్చు లేని ఈ ఒక్క అలవాటు, ఆ అమ్మకందారు చెప్పిన మందు కంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ఉన్ని విషయంలో చేతి స్పర్శను నమ్మకూడదు. తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకుని కూడా ఉన్ని చేతికి పొడిగానే తగులుతుంది. చేత్తో ముడులు వేసి నేసిన తివాచీల్లో సాధారణంగా పైన కనబడే కుచ్చు ఉన్నిది, దాన్ని పట్టి ఉంచే పడుగు నూలుది. ఎక్కువ కాలం తడిగా ఉంటే ముందు కుళ్లేది ఆ నూలే. పైన రంగులు నిగనిగలాడుతుండగానే అడుగున దారాలు పుచ్చి, మడత పెట్టినప్పుడు పటపట తెగిపోతాయి. అందువల్ల తివాచీ ఆరిందో లేదో వెనుక వైపు, ముడుల మధ్య వేలుతో నొక్కి చూడాలి. చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే.

మురుగు కలిసిన వరద నీట తడిసిన కార్పెట్ సంగతి పూర్తిగా వేరు. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచిన వానల తరువాత ఎన్నో కాలనీల్లో కింది అంతస్తు ఇళ్లలోకి డ్రైనేజీ నీరు వచ్చింది. అలాంటి నీటిలో నానిన కార్పెట్‌ను, దాని కింద వేసిన ఫోమ్‌ను దాచుకోవద్దు, దానం కూడా చేయవద్దు. శుభ్రమైన నీటితో తడిసినా మూడు రోజుల్లో ఆరకపోతే తీసేయాలనే నియమాన్ని ఆసుపత్రులు పాటిస్తాయి. ఇంట్లో పసిపిల్లలున్నవారికీ ఆ గీత సరిపోతుంది. మీది రెండో అంతస్తు కనుక ఈ బెడద లేదు, కింది ఇళ్లలోని పాఠకుల కోసం చెప్పాను.

ఇప్పుడు హాల్లోని తివాచీని ఎలా చూసుకోవాలో చెబుతాను. దానికి దొరికే అన్ని మందుల్లోకీ ఎండ మేలైనది. ఎండలో కొన్ని గంటలు పరచిన కార్పెట్‌లో మైట్స్ అన్నీ చనిపోయినట్టు 1994లో సిడ్నీ పరిశోధకులు చూపించారు. వేడి, పొడిదనం రెండూ కలిసి చేసిన పని అది. మన టెర్రస్ కాంక్రీటు ఏప్రిల్, మే నెలల్లో కాలు పెట్టలేనంత కాలుతుంది కాబట్టి మనకు ఇంకా సులువు. పొద్దున తొమ్మిదింటికి టెర్రస్ ఊడ్చి, తివాచీని రంగులు కిందికి, వెనుక భాగం ఎండకు తగిలేలా పరచండి. అలా చేస్తే రంగులు వెలవవు, కింది నుంచి కాంక్రీటు సెగ కుచ్చుకు తగులుతుంది. మూడు నాలుగు గంటల తరువాత పిట్టగోడ మీదనో, గట్టి దండెం మీదనో వేసి, వెనుక వైపు నుంచి వెడల్పాటి కర్రతో బాదాలి. ముందు వైపు బాదితే మట్టి ముడుల్లోకి ఇంకా దిగుతుంది. ఈ పని చేసేవారు ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకోవాలి, బాబు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఎండాకాలంలో నెలకు ఒకసారి, దసరా దీపావళి మధ్య వానలు వెనుకబట్టాక ఒకసారి, సంక్రాంతికి ఒకసారి చేస్తే ఏడాదికి సరిపోతుంది. ఇప్పుడు వానల్లో తెరిపి ఇచ్చిన రోజున రెండు గంటల ఎండ దొరికినా వదలవద్దు, కాని మబ్బు పట్టిన రోజున టెర్రస్ మీద పరచి ఊరుకుంటే తివాచీ గాలిలోని తేమను పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది.

మిగిలిన రోజుల్లో చీపురు వద్దు. పూల చీపురుతో తివాచీ ఊడిస్తే దుమ్ము ఒక మూల నుంచి గాలిలోకి, గాలి నుంచి ఇంకో మూలకు చేరడం తప్ప ఇంట్లోంచి పోదు. వారానికి రెండుసార్లు వాక్యూమ్ క్లీనర్ పెట్టండి. కొనేటప్పుడు వాట్లు, గొట్టాల సంఖ్య చూడకుండా హెపా ఫిల్టర్ ఉందో లేదో చూడండి, 0.3 మైక్రాన్ల రేణువులను సైతం 99.97 శాతం ఆపగలిగినదానినే ఆ పేరుతో పిలవాలి. మామూలు ఫిల్టర్ అయితే ముందు నుంచి పీల్చిన సన్నటి దుమ్మును వెనుక నుంచి గదిలోకి వదులుతుంది. ఒకే చోట నాలుగైదు సార్లు, ముందుకూ వెనక్కూ, నింపాదిగా తోయాలి. నెలకొకసారి తివాచీని తిరగేసి వెనుక వైపు కూడా పెట్టి, కింద రాలిన ఇసుకను ఎత్తేయాలి. పోగులను మొదలంటా కోసేది ఆ ఇసుకే. అంచున వేలాడే కుచ్చుల మీద తిరిగే బ్రష్ పెట్టకూడదు. బాబు బడికి వెళ్లాక, కిటికీలు తెరిచి ఈ పని చేసి, అతడు వచ్చేసరికి గాలిలోని దుమ్ము దిగిపోయేంత వ్యవధి ఇవ్వండి. వాక్యూమ్ పోగులను పట్టుకుని వేలాడే బతికున్న మైట్స్ అన్నిటినీ లాగలేదు, వాటి తిండినీ విసర్జననూ లాగుతుంది, అలర్జీ తగ్గడానికి కావలసింది ఎక్కువగా అదే.

మీ ఇంటికి వచ్చిన అమ్మకందారు చూపించిన నల్లటి మట్టి నిజంగా మీ తివాచీలోదే అయి ఉంటుంది. ఎంత శుభ్రంగా కనబడే తివాచీ నుంచైనా బలమైన యంత్రం గుప్పెడు మట్టి తీస్తుంది, ఎందుకంటే మట్టిని పోగుల్లో దాచుకోవడమే తివాచీ లక్షణం. మన నగరంలో నాలుగు వైపులా సాగుతున్న కట్టడాల దుమ్ము కూడా దానికి తోడవుతుంది. ఆ మట్టి తీసేయవలసినదే, కాని దాన్ని చూపించి క్రిములను చంపే మందు అమ్మడంలో తర్కం లేదు. క్రిమిసంహారక ద్రవం పనిచేయాలంటే ముందు మురికి పోయి ఉండాలి, తరువాత ఆ ద్రవం కొన్ని నిమిషాల పాటు తడిగా తగిలి ఉండాలి. కుచ్చుల అడుగున పొట్టు, మట్టి, నూనె జిడ్డు ఉన్న చోట అది మురికితోనే కలిసి నిర్వీర్యమవుతుంది; తగినంత తడిపితే తివాచీ ఆరక బూజు పడుతుంది. చచ్చిన బ్యాక్టీరియా స్థానంలోకి మర్నాటికి మన పాదాల నుంచే కొత్తవి వస్తాయి. ఆరిన తరువాత మిగిలే మందు మాత్రం పాప అరచేతులకు అంటుకుని నోట్లోకి పోతుంది. డెటాల్ నీళ్లకూ, ఫినాయిల్‌కూ ఇదే మాట వర్తిస్తుంది. ఇక బ్లీచ్‌ను ఉన్ని దగ్గరకే రానివ్వకూడదు. అది రంగును తినేయడమే కాక ఉన్నినే కరిగించేస్తుంది.

కలరా ఉండల విషయానికి వస్తే, మీ అత్తమ్మ ఉద్దేశం తివాచీని పురుగు కొట్టకుండా కాపాడుకోవడమే, ఆ చింత సరైనదే. ఉన్నిని తినే చిమ్మటల పిల్లలూ, కార్పెట్ పెంకు పురుగుల పిల్లలూ బరువైన సోఫా కింద, చీకట్లో, కదపని చోట పెరుగుతాయి. కాని కలరా ఉండల్లో వాడే నాఫ్తలీన్ ఆవిరి పసిపిల్లలకు మంచిది కాదు, మింగితే విషం. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో అది రక్తంలోని ఎర్ర కణాలను పగలగొట్టి, తీవ్రమైన రక్తహీనతనూ కామెర్లనూ తెస్తుంది. ఆ లోపం మన దేశంలో కొత్తది కాదు, పైకి తెలియదు, పరీక్ష చేయించే దాకా ఏ బిడ్డకు ఉందో చెప్పలేము. తెల్లగా మిఠాయిలా కనబడే ఉండను పది నెలల పాప ముందుగా నోట్లోనే పెట్టుకుంటుంది. ఇప్పటికే నోట్లో పెట్టుకుందేమోనన్న అనుమానం ఉన్నా, పాప పాలిపోయినట్టు, కళ్లు పచ్చబడినట్టు, మూత్రం ముదురు రంగులో వస్తున్నట్టు అనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఇంట్లో ఆ ఉండలు వాడామని డాక్టరుకు తప్పక చెప్పండి. చిమ్మటలకు ఎండ, దులపడం, రెండు వారాలకొకసారి సోఫా జరిపి కింద వాక్యూమ్ పెట్టడం చాలు. సాంబ్రాణి సువాసనను నేనూ ఇష్టపడతాను, పండుగ పూట దేవుడి గదిలో వేసుకోవడానికి అభ్యంతరం ఏముంటుంది. అయితే ఆ పొగతో తివాచీలోని క్రిములు చావవు, పిల్లికూతలున్న పిల్లవాడి ఊపిరితిత్తులు మాత్రం ఇంకా బిగుసుకుంటాయి. బాబు ఉన్న గదిలో వద్దని అత్తమ్మకు మీరు చెప్పడం కష్టమైతే, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆమెను కూడా వెంట తీసుకెళ్లండి.

నీళ్లతో ఉతికించడం రెండేళ్లకు ఒకసారి, అదీ ఫిబ్రవరి నుంచి మే దాకా మాత్రమే పెట్టుకోండి. వానాకాలంలో ఇంటికే వచ్చి షాంపూ చేస్తామనేవారిని పిలవవద్దు. వారు చెప్పినంత త్వరగా అది ఆరదు. ఉన్నికి చల్లని లేదా గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని లిక్విడ్ డిటర్జెంటు వాడాలి, నురగంతా పోయేదాకా కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ప్రాంతాల్లో సబ్బు అంటు మిగిలిపోయి, దానికి దుమ్ము ఇంకా త్వరగా పట్టుకుంటుంది. చివరి కడుగు మంచినీళ్లతో చేయించండి.

పాప మూత్రం పోసినా, పాలు కక్కినా వెంటనే పాత నూలు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే లోపలికి దిగుతుంది. చల్లని నీళ్లు కొద్దిగా వేసి మళ్లీ అద్ది, పొడి గుడ్డ పెట్టి దాని మీద బరువు ఉంచి, తడి పీల్చుకున్నాక తివాచీని ఎత్తి ఫ్యాను కింద నిలబెట్టండి. వంటసోడా చల్లితే వాసన తగ్గుతుంది, క్రిములు తగ్గవు. వాంతులు, విరేచనాలతో బాధపడుతున్నవారు తివాచీ మీద వాంతి చేసుకుంటే మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి: పిల్లలను పంపేసి, చేతికి గ్లోవ్స్, ముఖానికి మాస్కు వేసుకుని, కాగితంతో ఎత్తి సంచిలో మూసి పారేయాలి. అక్కడ వాక్యూమ్ పెట్టకూడదు, పెడితే వైరస్ గాలిలోకి లేస్తుంది. డిటర్జెంటు నీళ్లతో రెండుసార్లు అద్ది తుడిచాక, ఆ భాగానికి పొగలుగక్కే ఆవిరి పట్టించే పరికరం ఉంటే మంచిది. లేకపోతే ఉతికించి, ఎండబెట్టే దాకా ఆ తివాచీని వాడకం నుంచి తప్పించండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. నోరోవైరస్ మీద చేతులకు రాసుకునే శానిటైజర్ అంత బాగా పనిచేయదు.

పాపకు ఆడుకునే చోటు తివాచీ మీదే ఉండనివ్వండి గాని, దాని మీద ఒక నూలు జంపఖానా పరచండి. మన వరంగల్ జంపఖానాలు ఇందుకు సరిగ్గా సరిపోతాయి: కుచ్చు ఉండదు, బకెట్లో నానబెట్టి ఉతకవచ్చు, ఒక పూట ఎండకు ఆరిపోతాయి. రెండు కొని మార్చి మార్చి పరచుకోండి. చెప్పులు గుమ్మం బయటే విడిచే మన అలవాటును బడి బూట్లకూ, అతిథులకూ, మరమ్మతు పనికి వచ్చేవారికీ సడలించకండి. వీధిలోని మట్టి, పశువుల పేడ, ఉమ్మి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ గడపే. పాప ఏదో ఒకటి నోట్లో పెట్టుకుందని ప్రతిసారీ కంగారు పడవద్దు. ఆ వయసులో అది సహజం. ఇంటివారి చర్మం మీది బ్యాక్టీరియా పాపకు కొత్తవేమీ కావు.

మామయ్యగారి పుండుకు తివాచీ కారణం కాదు, కాని వట్టి కాళ్లతో దాని మీద నడవడం మంచిది కాదు. మధుమేహం ఉన్న చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పోగుల్లో దాగిన గుండుసూదో, బొమ్మ ముక్కో గుచ్చుకున్నా తెలియదు. పుండుకు కట్టు ఎప్పుడూ ఉండాలి, ఇంట్లో తిరగడానికి విడిగా మెత్తటి చెప్పులు ఉంచాలి, రోజూ రాత్రి పాదం అడుగును ఎవరైనా దీపం వెలుగులో చూడాలి. చిన్న పుండే అని ఊరుకోకుండా ఈ వారమే డాక్టరుకు చూపించండి.

చివరిగా పిల్లల గదిలో అంటించిన కార్పెట్. దాన్ని ఎత్తి ఎండలో వేయలేము, వెనుక వైపు చూడలేము, కింద చెమ్మ చేరినా తెలియదు. మన వానాకాలానికి పనికిరానిది అదే, అందులోనూ పిల్లికూతలున్న పిల్లవాడు పడుకునే గదిలో. తీయించే రోజున పిల్లలను, మామయ్యను ఎవరైనా బంధువుల ఇంటికి పంపండి. గది తలుపు మూసి, కింద సందు కాగితంతో అడ్డి, కిటికీ తెరిచి ఉంచాలి. కార్పెట్‌ను పైపైన మాత్రమే తడిపొడిగా చిలకరించి, గది లోపలే రెండడుగుల పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని లోపలి వైపు చుట్టి, ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి బయటికి తేవాలి. అలాగే ఈడ్చుకొస్తే ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మంతా హాల్లో పడుతుంది. కింద జిగురు అంటు మిగిలితే గోకుడు రేకుతో గీకించండి, పెట్రోలు, థిన్నర్ పోసి కడిగించవద్దు. నేలలోగాని గోడ మొదట్లోగాని నల్లటి మచ్చలు కనబడితే అక్కడ నీటి పైపు కారుతోందేమో ప్లంబరుకు చూపించి, అది బాగుచేసి, పూర్తిగా ఆరిన తరువాతే పిల్లల మంచాలు ఆ గదిలోకి చేర్చండి.